గుండెపోటు తర్వాత: కొండగాలి, కొలత నడక

బెంగళూరులోనో తిరుపతిలోనో వేలూరులోనో స్టెంట్ వేయించుకుని మదనపల్లెకో పుంగనూరుకో కుప్పానికో ఇల్లు చేరిన మనిషికి మొదట వినిపించే మాట "నువ్వు కదలొద్దు". మంచం హాల్లోకి వస్తుంది. మంచినీళ్లు చేతికే అందుతాయి. చూడ్డానికి వచ్చిన చుట్టాల్లో ఎవరో ఒకరు "హార్స్‌లీ కొండ మీద పది రోజులు పెట్టండి, గాలి మంచిది" అంటారు. ఈ మధ్య మూడో సలహా కూడా వస్తోంది. ఫోన్లో వీడియో చూసిన మేనల్లుడు "తక్కువ ఆక్సిజన్లో కసరత్తు చేస్తే గుండె కండ మళ్లీ పెరుగుతుందంట మామా, దానికి మాస్కులు కూడా అమ్ముతున్నారు" అని చెప్పిపోతాడు.

మూడూ ప్రేమ కొద్దీ చెప్పిన మాటలే. మొదటిది హాని చేస్తుంది. రెండోది హాని చేయదు, అలాగని మందూ కాదు. మూడోదాంట్లో నిజమైన విజ్ఞానం కొంత ఉంది, నిజమైన ప్రమాదమూ ఉంది. ఈ మూడింటి మధ్య అసలు వైద్యం, అంటే కొలత ప్రకారం పెంచుకుంటూ పోయే నడక, ఎవరికీ గుర్తు రావడం లేదు. నా బాధ అది. ఈ ప్రసంగం దాని గురించే.

గాలితో జబ్బు నయం చేయాలన్న ఆలోచన మన పడమటి మండలాలకు కొత్త కాదు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఉంది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ ఆధ్వర్యంలో, నూరేళ్ల కిందట, క్షయ రోగుల కోసం వెలసిన శానిటోరియం అది. క్షయకు మందు లేని రోజులు. పొడి గాలి, సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు, ఎండ మరీ మండని వాతావరణం. తెలుగునాట ఎక్కడ దగ్గుతో నెత్తురు పడినా "మదనపల్లెకు తీసుకుపోండి" అనేవారు. అలా మన ఊరి పేరే ఒక చికిత్స పేరైపోయింది.

అయితే ఆ కాలపు కొన్ని శానిటోరియాల్లో గాలితో పాటు మరొకటి ఉండేది. ఇంగ్లండులోని ఫ్రిమ్లీ శానిటోరియంలో మార్కస్ పాటర్సన్ అనే వైద్యుడు 1905 తర్వాత ఒక పద్ధతి పెట్టాడు. రోగిని మంచానికే అంటిపెట్టకుండా, జ్వరం తగ్గాక కొద్ది దూరం నడిపించాలి. తట్టుకుంటే దూరం పెంచాలి. రోజుకు పది మైళ్లు నడవగలిగాక చిన్న తట్టలో మట్టి మోయించాలి, ఆ తర్వాత పార పట్టించాలి. జ్వరం తిరగబెడితే వెంటనే మెట్టు దించాలి. రోగికి ఎంత శ్రమ పెడుతున్నామో మందు మోతాదు రాసినట్టు రాసిపెట్టేవారు.

తర్వాత మందులు వచ్చాయి. మద్రాసులో 1956లో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం మొదలై, 193 మంది రోగులను చీటీలు తీసినట్టు రెండు జట్లుగా విడదీసింది. ఒక జట్టు శానిటోరియంలో మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి మధ్య మందులు మింగింది. రెండో జట్టు మద్రాసు ఇరుకు ఇళ్లలో, తమకు దొరికిన తిండి తింటూ అవే మందులు మింగింది. 1959లో ఫలితం అచ్చయింది. ఇంట్లో ఉన్నవాళ్లకూ దాదాపు అంతే బాగా నయమైంది. గాలి చేస్తోందనుకున్న పని మందు చేస్తోందని ప్రపంచమంతా ఒప్పుకున్నది ఆ అధ్యయనంతోనే. ఆరోగ్యవరం గొప్పతనం దీనివల్ల తగ్గిపోదు. మందులేని రోజుల్లో ఆ ఆసుపత్రి ఎందరికి నీడనిచ్చిందో చెప్పలేం. కానీ "ఫలానా గాలి గుండెకు మంచిది" అని ఎవరైనా అన్నప్పుడు మద్రాసు అనుభవం తలుచుకోవాలి. దేనివల్ల నయమవుతోందో విడదీసి చూడాలి.

ఇక గుండె దగ్గరికి వద్దాం. 1950ల దాకా గుండెపోటు వస్తే నాలుగు నుంచి ఆరు వారాలు మంచం దిగనిచ్చేవారు కాదు. తిండి కూడా ఒకరు తినిపించాల్సిందే. అలా పడుకున్నవాళ్లలో చాలామందికి కాళ్లలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి ప్రాణం తీసేది. అమెరికాలో శామ్యూల్ లెవీన్, బెర్నార్డ్ లోన్ అనే ఇద్దరు వైద్యులు, తోటివారు ఎంత తప్పుపట్టినా, రోగులను తొలి రోజుల్లోనే మంచం మీంచి దించి కుర్చీలో కూర్చోబెట్టారు. 1952లో ఆ అనుభవాన్ని ప్రచురించారు. కుర్చీ వైద్యం అని దానికి పేరొచ్చింది. గుండెపోటు రోగిని మంచం నుంచి లేపడం అనే ఆచారం బలపడింది అక్కడినుంచే.

మంచం ఎంత చెరుపు చేస్తుందో చెప్పడానికి నా మటుకు నాకు డల్లాస్ ప్రయోగాన్ని మించింది లేదు. 1966లో ఇరవై ఏళ్ల వయసున్న ఐదుగురు ఆరోగ్యవంతులైన కుర్రవాళ్లను మూడు వారాలు పూర్తిగా మంచం మీద ఉంచారు. వాళ్ల శరీరం ఆక్సిజన్ వాడుకునే శక్తి బాగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత అదే ఐదుగురిని వెతికి పట్టుకుని మళ్లీ కొలిచారు. వాళ్లప్పుడు యాభై దాటినవాళ్లు, బరువు పెరిగినవాళ్లు. అయినా ముప్పై ఏళ్ల ముసలితనం చేసిన నష్టం కన్నా ఆ మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది. నిక్షేపంలాంటి గుండెలకే అలా అయితే, సగం దెబ్బతిన్న గుండెతో ఇంటికొచ్చిన మనిషిని నెలల తరబడి హాల్లో కూర్చోబెట్టడం ఏమిటో ఆలోచించండి.

ఇప్పుడు కొండగాలి లెక్క చూద్దాం. గాలిలో ఆక్సిజన్ తిరుపతిలో ఎంత శాతమో హార్స్‌లీ కొండ మీదా అంతే, దాదాపు 21 శాతం. ఎవరెస్టు మీదా అంతే. ఎత్తుకు పోయేకొద్దీ తగ్గేది గాలి ఒత్తిడి. ఒత్తిడి తగ్గితే ఒక్కో ఊపిరిలో అందే ఆక్సిజన్ తగ్గుతుంది. మదనపల్లెలో సముద్రతీరం కన్నా దాదాపు 8 శాతం తక్కువ. మన పెద్దలు ఏనుగు మల్లమ్మ కొండ అని పిలిచిన హార్స్‌లీ కొండ ఎత్తు 1,265 మీటర్లు, అక్కడ దాదాపు 14 శాతం తక్కువ. వేలికి పెట్టే ఆక్సిమీటరుకు ఈ తేడా సరిగ్గా అందదు కూడా. మదనపల్లెలో 97 చూపించే వేలు కొండ మీద 96 చూపిస్తుందేమో.

కాబట్టి హార్స్‌లీ కొండ మీద తక్కువ ఆక్సిజన్ చికిత్స అంటూ ఏమీ జరగదు. యూకలిప్టస్ చెట్ల మధ్య చల్లగా, చదునుగా నాలుగు అడుగులు నడవడానికి బాగుంటుంది. అందుకు వెళ్తే సంతోషం.

నిజంగా ఆక్సిజన్ తగ్గే చోట్లకు మనవాళ్లు వెళ్లకపోలేదు. కేదారనాథ్ 3,583 మీటర్లు, అమరనాథ్ గుహ 3,888 మీటర్లు. అక్కడ ఒక్కో ఊపిరిలో అందేది మూడింట రెండు వంతుల లోపే. దెబ్బతిన్న గుండె ఆ లోటు పూడ్చుకోవడానికి వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరితిత్తుల్లో రక్తపోటు పెరుగుతుంది, లయ తప్పే ముప్పూ ఉంది. గుండెపోటు వచ్చిన ఏడాది ఆ యాత్రల మాట డాక్టరు అనుమతి లేకుండా తలపెట్టకండి.

మరి శాస్త్రవేత్తలు తక్కువ ఆక్సిజన్ మీద ఎందుకు పడ్డారు? ఆక్సిజన్ తగ్గిందని మన కణాలు పసిగట్టగలవు. పసిగట్టి, కొత్త రక్తనాళాలు వేసుకోమని, ఎర్రకణాలు ఎక్కువ తయారు చేయమని ఆదేశాలు పంపుతాయి. ఈ పసిగట్టే యంత్రాంగాన్ని విప్పి చూపినందుకే 2019లో విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజాలకు వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఎత్తైన చోట సాధన చేసే పరుగు వీరులు వాడుకునేది దీన్నే.

గుండె కండ సంగతి ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. పుట్టిన కొత్తలో విభజన చెందే గుండె కణం, ఆ తర్వాత దాదాపు ఆగిపోతుంది. అందుకే గుండెపోటులో చచ్చిన కండ స్థానంలో కొత్త కండ రాదు, మచ్చ మిగులుతుంది. అదే డల్లాస్‌లో హెషమ్ సాదెక్ బృందం, గుండెపోటు తెప్పించిన ఎలుకలను ఒక పెట్టెలో ఉంచి ఆక్సిజన్‌ను రోజుకు కొంచెం చొప్పున 7 శాతం దాకా తగ్గించింది. ఎవరెస్టు శిఖరం మీద ఒక్కో ఊపిరిలో అందేంత అన్నమాట. రెండు వారాలు అలాగే ఉంచారు. గుండె కణాల్లో కొన్ని మళ్లీ విభజన మొదలుపెట్టాయి, మచ్చ తగ్గింది, గుండె పనితీరు మెరుగైంది. నేచర్ పత్రికలో ఇది వచ్చినప్పుడు ప్రపంచమంతా ఉలిక్కిపడింది. మేనల్లుడు చూసిన వీడియోకు మూలం బహుశా ఇదే.

మనుషుల్లో జరిగినవి చిన్న చిన్న ప్రయత్నాలు. ఆస్ట్రియాలో మార్టిన్ బర్ట్‌షర్ బృందం 2004లో ఒకటి ప్రచురించింది. యాభై నుంచి డెబ్బై ఏళ్ల మధ్య మగవాళ్లు 16 మంది, అందులో ఎనిమిది మందికి గతంలో గుండెపోటు వచ్చింది. కొందరిని కూర్చోబెట్టి, ఆక్సిజన్ తగ్గించిన గాలిని కొన్ని నిమిషాలు, మామూలు గాలిని కొన్ని నిమిషాలు విడతలు విడతలుగా పీల్పించారు. మూడు వారాల్లో పదిహేను సార్లు. తర్వాత సైకిల్ తొక్కే పరీక్షలో వాళ్లు ముందుకన్నా తక్కువ ఆయాసంతో అదే పని చేయగలిగారు. ఆశ పుట్టించే ఫలితమే. కానీ 16 మంది! అదీ గుండె కుదుటపడ్డవాళ్లు, పక్కనే వైద్యుడు, ఒంటి నిండా తీగలు, ఎప్పుడంటే అప్పుడు ఆపేసే ఏర్పాటు. దాని ఆధారంగా పుంగనూరులో ఒక మనిషి ముక్కుకు మాస్కు తగిలించుకోవడం ఎంత దూరపు మాటో మీరే చెప్పండి.

పైగా బజారులో అమ్మే ఆ మాస్కు గాలిలో ఆక్సిజన్‌ను తగ్గించదు. ఊపిరి తీసుకోవడాన్ని కష్టం చేస్తుంది, అంతే. డబ్బు పోయి ఆయాసం మిగులుతుంది. అలాగే ఊపిరి బిగబట్టే కుంభకం, వేగంగా కొట్టే భస్త్రిక గుండెపోటు తర్వాత సొంతంగా చేయకండి.

దీనికి ఎదురు కొసన ఇంకో అపోహ ఉంది, ఆక్సిజన్ ఎంత ఎక్కువైతే అంత మంచిదని. స్వీడన్‌లో గుండెపోటు అనుమానంతో వచ్చిన 6,629 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఆక్సిజన్ మాస్కు పెట్టి, రెండో జట్టును మామూలు గాలి పీల్చనిచ్చారు. అందరికీ ఆక్సిమీటరులో 90 లేక ఆపైనే ఉంది. ఏడాది తర్వాత లెక్క చూస్తే మరణాల్లో తేడా లేదు. 2017లో వచ్చిన ఫలితం ఇది. కాబట్టి గుండెపోటు తర్వాత ఇంట్లో సిలిండరు కొనిపెట్టుకోవడం, డాక్టరు రాయకపోతే, అనవసరం.

ఇక మిగిలింది నడక. ఇక్కడ ఆధారాలు పదహారు మందివి కావు, ఎన్నో దేశాల్లో వేలమందివి. వ్యాయామంతో కూడిన పునరావాస చికిత్స తీసుకున్న గుండె రోగుల్లో గుండె జబ్బు మరణాలూ, మళ్లీ ఆసుపత్రిలో చేరడాలూ తగ్గుతున్నాయని అవి చెబుతున్నాయి.

నడిస్తే గుండెకు ఏం జరుగుతుంది? చచ్చిన కండ తిరిగి రాదు. మారేది ఎక్కువగా కాళ్లలో. నడిచే కొద్దీ కాలి కండరాలు, వచ్చిన రక్తంలోంచి ఆక్సిజన్‌ను ఎక్కువగా పిండుకోవడం నేర్చుకుంటాయి. బోరులో నీళ్లు తగ్గిన రైతు డ్రిప్పు వేసుకుంటే అదే మోటారుతో అదే టమాటా తోట పండినట్టు, అదే గుండెతో మనిషి ఎక్కువ పని చేయగలుగుతాడు. కూర్చున్నప్పుడు నాడి నెమ్మదిస్తుంది, రక్తపోటు దిగుతుంది, చక్కెర అదుపులోకి వస్తుంది.

ఎలా మొదలుపెట్టాలి? ఉపద్రవాలేమీ లేకపోతే ఆసుపత్రిలోనే రెండో మూడో రోజుకు వార్డులో నడిపిస్తారు. ఇంటికొచ్చాక చదును నేల మీద ఐదు నుంచి పది నిమిషాలు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. తిన్న వెంటనే వద్దు, మంచు కురిసే తెల్లవారుజామున వద్దు, మే నెల మధ్యాహ్నం అసలే వద్దు. ప్రతి వారం కొన్ని నిమిషాలు పెంచుకుంటూ ఆరేడు వారాలకు అరగంట దాకా చేరాలి. చాలామంది నాడి లెక్కపెట్టుకోవాలా అని అడుగుతారు. గుండె వేగం తగ్గించే మందులు వాడేవాళ్లకు నాడి లెక్క సరైన కొలత కాదు. దానికన్నా సులువైనది మాట. నడుస్తూ పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. పాట పాడగలిగితే ఇంకాస్త వేగం పెంచవచ్చు. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతుంటే వేగం తగ్గించాలి.

ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చల్లటి చెమట, కళ్లు తిరగడం. వీటిలో ఏది వచ్చినా అక్కడే కూర్చోండి. డాక్టరు నాలుక కింద పెట్టుకొమ్మని రాసిచ్చిన మాత్ర పెట్టుకోండి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరిగి పాదాలు వాచినా ఆలస్యం చేయకండి. స్టెంట్ వేయించుకున్నవాళ్లు రక్తం పలచబరిచే మాత్రలను ఒళ్లు బాగుందని మానేయడం మాత్రం ప్రాణాంతకం. ఎంత నడిచినా ఆ మాత్రకు నడక బదులు కాదు.

మన ఊళ్ల పనులు వేరు, కొలతా వేరు. నీరుగట్టువారిపల్లెలో మగ్గం మీద పట్టుచీర నేసే మనిషి రోజంతా కూర్చుంటాడు. కాళ్లు తొక్కుతుంటాయి, చేతులు ఆడుతుంటాయి, కానీ ఊపిరి పెద్దగా పెరగదు. అతను పనికి త్వరగా తిరిగి వెళ్లవచ్చు, కానీ ఆ పని నడకకు బదులు కాదు. విడిగా నడవాల్సిందే. మదనపల్లె టమాటా మార్కెట్ హమాలీ కథ దీనికి పూర్తిగా వేరు. పాతిక కిలోల క్రేటును నేల మీంచి లారీ ఎత్తుకు లేపేటప్పుడు అతను తెలియకుండానే ఊపిరి బిగబడతాడు. ఆ క్షణంలో రక్తపోటు ఒక్కసారిగా పైకి లేస్తుంది. అతనికి ట్రెడ్‌మిల్ పరీక్ష చేసి, చిన్న బరువుతో మొదలుపెట్టి, ఎత్తేటప్పుడు ఊపిరి వదలడం నేర్పి, అప్పుడు పంపాలి. ఇదంతా నేర్పేవాళ్లు లేక, మూడో వారమే మార్కెట్‌కు పోయేవాళ్లు కొందరు, భయంతో పనే మానేసి అప్పుల పాలయ్యేవాళ్లు కొందరు.

ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయం. "ఇంట్లో పనంతా చేస్తూనే ఉంది కదా, ఇంకా నడకెందుకు" అంటారు. పిండి రుబ్బడం, నీళ్లు మోయడం, బట్టలు పిండడం, రాగి సంగటి కెలకడం. ఇవన్నీ ఒక్కసారిగా మీద పడే బరువులు, కొలతలేని శ్రమ. గుండెపోటు వచ్చిన తల్లికి మొదటి నెల ఆ పనులు తప్పించి, రోజూ కొలత ప్రకారం నడకకు ఇంట్లోంచి బయటకు పంపించడం మగవాళ్ల బాధ్యత.

తిరుమల మొక్కు గురించి కూడా చెప్పాలి. కొండ ఎత్తు 853 మీటర్లే. మదనపల్లె వాళ్లకు అక్కడి గాలి కొత్తేమీ కాదు. శ్రమంతా మెట్లదే. అలిపిరి దారిలో 3,550 మెట్లు. గుండె జబ్బు ఉన్నవాళ్లు కాలినడకన రావద్దని దేవస్థానం వారే చెబుతుంటారు. బస్సులో వెళ్లి దర్శనం చేసుకోండి. నడిచే వస్తానన్న మొక్కు ఉంటే, ముందు పరీక్షలు చేయించుకుని, డాక్టరు సరేనన్న తర్వాత తీర్చుకోవచ్చు.

యంత్రాలు, జిమ్ములు లేకుండా ఇది సాధ్యమా అనే అనుమానం వద్దు. మన దేశంలో 24 ఆసుపత్రుల్లో 3,959 మంది గుండెపోటు రోగులతో యోగా ఆధారంగా ఒక పునరావాస కార్యక్రమం నడిపి, 2020లో ఫలితాలు ప్రచురించారు. మరణాలు, తిరిగి ఆసుపత్రి పాలవడం లాంటివాటిలో స్పష్టమైన తేడా రుజువు కాలేదు. అది దాచకుండా చెప్పాలి. కానీ యోగా జట్టులో వాళ్లు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు, గుండెపోటుకు ముందు చేసే పనులకు ఎక్కువగా తిరిగి వెళ్లారు. మగ్గానికీ మార్కెట్‌కూ తిరిగి పోవడమే బతుకైన ఊళ్లకు ఇది చిన్న ఫలితం కాదు.

ఇలాంటి చికిత్సకు కావలసింది ఎంత? ముప్పై మీటర్ల వరండా, రెండు చివరలా ఒక్కో గుర్తు, రెండు కుర్చీలు, గడియారం, రక్తపోటు కొలిచే యంత్రం, ఆక్సిమీటరు, ఒక ఫిజియోథెరపిస్టు, పిలిస్తే పలికే దూరంలో డాక్టరు. ఆరు నిమిషాల్లో రోగి ఆ వరండాలో ఎంత దూరం నడవగలడో కొలుస్తారు. నెల తర్వాత మళ్లీ కొలుస్తారు. మొదటిసారి గోడ పట్టుకుని రెండుసార్లు ఆగిన మనిషి, రెండోసారి ఆగకుండా నడిచి, ఫిజియోథెరపిస్టు పుస్తకంలో రాసిన అంకెను మెడ చాచి చూసుకుంటాడు. ఆ చూపు చూస్తే నడక ఒక వైద్యమని ఎవరూ వాదించి చెప్పనక్కర్లేదు.

కుప్పంలో పీఈఎస్ వైద్య కళాశాల ఉంది. మదనపల్లెలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, ఆరోగ్యవరం ఉంది. బెంగళూరులో స్టెంట్ వేయించుకున్న పుంగనూరు రైతు వారానికి రెండుసార్లు నడక చికిత్స కోసం మళ్లీ బెంగళూరు పోలేడు. బస్సు చార్జీ, ఒక రోజు కూలీ, తోడు వచ్చే కొడుకు కూలీ, అంతా పోతుంది. గుండెపోటు రోగులకు వారంలో రెండు పూటలు కేటాయించిన వరండా ఒకటి ఈ మూడు చోట్లా ఉండాలి. క్షయ రోగి నడకను ఒక్కో మెట్టుగా పెంచి నయం చేయాలని చూసిన కాలపు శానిటోరియం ఒకటి మన గడప ముందరే ఉంది. ఆ పని ఇప్పుడు గుండెకు చేయాలి.

అది వచ్చేదాకా మీరు చేయగలిగింది ఒకటుంది. డిశ్చార్జి కాగితం చేతికిచ్చే రోజున డాక్టరును అడగండి. రోజుకు ఎన్ని నిమిషాలు నడవాలి, ఏ వారానికి ఎంత పెంచాలి, నా పనిలో ఎత్తే బరువు ఎన్ని వారాలకు ఎత్తవచ్చు, ట్రెడ్‌మిల్ పరీక్షకు ఎప్పుడు రావాలి. జవాబులు అదే కాగితం మీద, మందుల పేర్ల కిందే, రాయించుకోండి.